పండును తొడిమయు



మా యూరు కోనసీమలోని ఐనవిల్లి. సిద్ధివినాయకుని దర్శించినవారికి మా యూరు తెలియును. తక్కినవారికి ముక్తేశ్వరపు రేవునకు చేరువయని చెప్పిన జాలును. నేను ముప్పది యేండ్లకు పైగా బడిలో తెలుగును సంస్కృతమును చెప్పి విశ్రాంతి గైకొన్నవాడను. వైద్యము నా వృత్తి కాదు. వ్యాకరణము చదువుకొన్నవానికి పురిటినొప్పుల ప్రసక్తి యేల యని మీరడుగవచ్చును. మా తండ్రిగారి పుస్తకముల పెట్టెలో చరకసుశ్రుతములు రెండును ఉండెడివి. చిన్ననాడు వానిలో చదివిన మాట యొకటి, పెద్దవాడనైన పిదప నా యింటనే నన్ను భయపెట్టెను. ఆ భయము తీర్చుకొనుటకై నేను వెదకి తెలిసికొన్న చరిత్రయే యీ ప్రసంగము.

ఏడేండ్ల క్రిందట మా రెండవ అమ్మాయి పురిటికి పుట్టినింటికి వచ్చియుండెను. ఎనిమిదవ నెల నడచుచున్నది. ఒకనాడు మూత్రమున మంట యనెను. మఱునాడు సన్నని జ్వరము. వేసవి గదా, వేడి చేసినదని మేమెల్లరము తీర్మానించి, కొబ్బరినీళ్ళును బార్లీగంజియు నిచ్చి యూరకుంటిమి. ఆ తప్పు మాది. నాలుగవనాటి రాత్రి నడుమునొప్పి యారంభమై, తెల్లవాఱుసరికి అది పురిటినొప్పి యని తేలెను. ఎదుర్లంక వంతెన దాటి, యానాము మీదుగా కాకినాడ చేరితిమి. మా అమ్మమ్మగారి కాలమున నైనచో కోటిపల్లి రేవున పంటుకొఱకు కాచుకొని యుండవలసి వచ్చెడిది.

ఆసుపత్రి వరండాలో బల్లమీద కూర్చుండగా నాకా పాతమాట జ్ఞాపకము వచ్చెను. ఎనిమిదవ నెలలో ఓజస్సు తల్లినుండి బిడ్డకును, బిడ్డనుండి తల్లికిని సంచరించుచు నిలుకడ లేకుండును గనుక, ఆ నెలలో బుట్టిన శిశువు దక్కదని మన ఆచార్యులు చెప్పిరి. నా భార్య చరకము చదువలేదు. అయినను ఆమెయు పక్కనే కూర్చుండి, “ఏడో నెల పిల్ల దక్కుతుంది గాని ఎనిమిదో నెల పిల్ల దక్కదంటారు” అని కన్నీరు పెట్టుకొనుచుండెను. నేను పండితుడనై యుండియు ఆమె నోదార్చుటకు ఒక్క మాటయు దొరకలేదు. ఏలయన నేను నమ్మినదియు అదియే.

అచ్చటి వైద్యురాలు నాయొద్ద చదువుకొన్న పిల్ల. నా ముఖము చూచి సంగతి గ్రహించి, “మాస్టారూ! ఏడుకంటె ఎనిమిది మేలు, ఎనిమిదికంటె తొమ్మిది మేలు. కడుపులో ఉన్న ప్రతి రోజూ లాభమే. మీరు శ్లోకాలు చదవకండి, అమ్మగారికి కాస్త కాఫీ పట్టించండి. నొప్పులు రెండు రోజులు ఆపగలిగితే చాలు, బిడ్డ ఊపిరితిత్తులకు సూది వేస్తున్నాను” అనెను. తల్లికి వేసిన సూది బిడ్డ ఊపిరితిత్తులకెట్లు పని చేయునో నాకర్థము కాలేదు. అడుగుటకు అది సమయమును గాదు.

ఇచ్చట కథ నాపి వెనుకకు పోవలసియున్నది. బిడ్డ పుట్టువేళను నిర్ణయించునది యెవరు? తల్లియా, బిడ్డయా, కాలమా? ఈ ప్రశ్న మిక్కిలి పాతది.

సుశ్రుతసంహిత నిదానస్థానమున మూఢగర్భప్రకరణమందొక చక్కని యుపమానము కలదు. పండు కాలము నిండి పక్వమై, తొడిమనుండి తనంతట విడివడునట్లు, గర్భమును కాలము నిండినంతట నాడీబంధమునుండి విడివడునట. ఇంతటితో ఆగిన నది వట్టి కవిత్వ మగును. ఆచార్యుడు వెంటనే మఱియొక మాట యనెను. క్రిమి చేతగాని, గాలి చేతగాని, దెబ్బ చేతగాని పీడింపబడిన ఫలము అకాలమున రాలునట్లే గర్భమును రాలునని. కోనసీమవారికి ఈ మూడును చెప్పి తెలుపవలసినవి కావు. 1996 నవంబరు 6వ తేదీనాటి తుపానులో కాయలే కాదు, చెట్లే నేలకూలినవి. దెబ్బ తగిలి రాలిన కాయయు మాకు తెలియును. క్రిమి మాట మాత్రము మేము పైపైన చదివి విడిచితిమి. అసలు కీలకము దానియందే యున్నదని నాకు చాలకాలమునకు గాని బోధపడలేదు.

యాజ్ఞవల్క్యస్మృతి ప్రసవమారుతమును జెప్పినది. తొమ్మిదవ నెలలోనో పదియవ నెలలోనో ఆ గాలి బలముగా వీచి, యంత్రమునుండి బాణమువలె శిశువును వెలికి నెట్టునట. గ్రీకు దేశమున హిప్పోక్రటీసు పేర వచ్చిన గ్రంథములు ఇంకొక దారి తొక్కినవి. గ్రుడ్డులో మేత చాలక కోడిపిల్ల పెంకు పగులగొట్టునట్లు, కడుపులో ఆహారము చాలక బిడ్డయే కదలి త్రోవ చేసికొనునని అవి చెప్పెను. కాగా మనవారు కాలమును గాలిని కర్తలుగా చేసిరి, గ్రీకులు బిడ్డను కర్తగా చేసిరి. వింత యేమనగా, ఎనిమిదవ నెల బిడ్డ బ్రతుకదనుట మాత్రము ఉభయులకును సమానము. హిప్పోక్రటీసు సంపుటమున ఆ విషయమున కొక ప్రత్యేకగ్రంథమే కలదు. ఇన్ని కోసుల దూరమున ఒకే పొరపాటు ఎట్లు మొలచెను? నా యూహ యిది. ఎనిమిదవ నెలలో పుట్టి చనిపోయిన బిడ్డను ఎల్లరు జ్ఞాపకముంచుకొందురు. బ్రతికిన బిడ్డ విషయమున నెలల లెక్కయే తప్పినదని, అది ఏడవ నెల పిల్లయనియో తొమ్మిదవ నెల పిల్లయనియో సవరించుకొందురు. సూత్రమునకు లొంగని ఉదాహరణమును దిద్దివేయుట వైయాకరణులకు మాత్రమే యున్న దుర్గుణము కాదు.

ఈ కాలమునకు వత్తము. 1906లో ఇంగ్లండున హెన్రీ డేల్ అను శాస్త్రజ్ఞుడు, ఎద్దు మెదడు క్రింద వ్రేలాడు చిన్న గ్రంథి వెనుకటి భాగము యొక్క సారము పిల్లి గర్భాశయమును ముడుచుకొనునట్లు చేయుట గమనించెను. ఆ సారమునందలి పదార్థమే ఆక్సిటోసిన్. 1953లో విన్సెంట్ దు విన్యో దాని నిర్మాణమును కనిపెట్టి ప్రయోగశాలలో తయారు చేసి, 1955లో నోబెల్ బహుమానము నందెను. నేడు నొప్పులు చాలనప్పుడు సీసాలో కలిపి ఎక్కించు మందు అదియే. ప్రసవమారుతము చేతికి చిక్కినట్లే యుండెను. కాని గాలి ఫలానినాడే యేల వీచవలెనను ప్రశ్న అట్లే నిలిచిపోయెను.

దానికి మొదటి జవాబు చెప్పినది గొఱ్ఱెలు. న్యూజీలండునందలి ఆక్లండు నగరమున గ్రాహం లిగ్గిన్సు అను ప్రసూతివైద్యుడుండెను. గొఱ్ఱె సుమారు 150 దినములకు ఈనును. కడుపులోని పిల్లయొక్క పిట్యూటరీ గ్రంథిని కాల్చివేసినచో గడువు దాటినను తల్లి ఈనదని ఆయనయు సహచరులును 1960వ దశకమున చూపిరి. గ్రంథినుండి పుట్టు ఆజ్ఞకు బదులుగా కార్టిసోల్ జాతి మందును పిల్లకు నేరుగా ఎక్కించిన, నెలలు నిండకుండగనే ఈనును. అనగా గొఱ్ఱెలలో వేళ నిర్ణయించునది పిల్లయే. గ్రీకులు కోడిపిల్లను జూచి చెప్పిన మాట గొఱ్ఱెపిల్లయందు నిజమైనది.

ఆ ప్రయోగములలోనే తలంపని సంగతి యొకటి బయటపడెను. నెలలు చాలక, ఊపిరి పట్టలేక చనిపోవలసిన పిల్ల యొకటి ఊపిరి తీయుచు కనబడెను. కోసి చూడగా దాని ఊపిరితిత్తులు కొంతవఱకు గాలితో నిండియున్నవి. ఎక్కించిన మందు ప్రసవమునే గాక ఊపిరితిత్తులను గూడ ముందుగా పక్వము చేసినది. ఇతరులైనచో తాము వెదకుచున్నది ఇది కాదని పక్కకు నెట్టియుందురేమో! లిగ్గిన్సు నెట్టలేదు. శిశువైద్యుడైన రాస్ హౌవీతో గూడి, నెలలు నిండక నొప్పులు వచ్చిన 282 మంది తల్లులపై పరీక్ష జరిపి 1972లో ప్రకటించెను. సూది పుచ్చుకొన్న తల్లుల బిడ్డలలో ఊపిరాడని జబ్బును మరణములును తగ్గినవి. వైద్యలోకము దీనిని వెంటనే అందుకొనక పోవుట విచారకరము. అమెరికా జాతీయ ఆరోగ్యసంస్థల సభ ఈ చికిత్సను గట్టిగా సిఫారసు చేసినది 1994లో. నడుమ గడచిన యిరువది రెండేండ్లలో ఎందఱు బిడ్డలు పోయిరో! ఈ మందు మనవంటి దేశములందును పని చేయునని, భారతదేశముతో గూడ ఐదు దేశములలో ప్రపంచ ఆరోగ్య సంస్థ జరిపిన పరీక్ష 2020లో తేల్చినది.

వరండాలో నాకర్థము కాని సూది ఇదియే.

అయితే స్త్రీ గొఱ్ఱె కాదు. ఆ సూది వేసినంత మాత్రమున స్త్రీకి నొప్పులు రావు. గర్భమును నిలిపియుంచు ప్రొజెస్టెరోన్ అను రసము గొఱ్ఱెలలో ప్రసవమునకు ముందు పడిపోవును. స్త్రీలలో మావి బయటకు వచ్చువఱకు రక్తమున దాని పాలు తగ్గదు. కావున కావలివాడు వాకిట నిలువబడియుండగనే తలుపు తెఱచుకొనుచున్నదన్నమాట. కావలివాని మాట లోపలివారు వినుట మానిరని పండితులు నేడు చెప్పుచున్నారు. వినకుండునట్లు చేసిన దేది?

ఇచ్చట మంత్రసానిని తలచుకొనవలెను. నా చిన్నతనమున మా పేటకంతటికి పురుడు పోసిన ముసలామె యొకతె యుండెడిది. నొప్పులు ఎంత గట్టిగా వచ్చుచున్నను ఆమె తొందరపడెడిది కాదు. “దారి ఇంకా పచ్చిగానే ఉందమ్మా” అనెడిది. మఱి కొంతసేపటికి “పండింది” అనెడిది. గర్భాశయముఖము నెలల తరబడి ముక్కు కొనవలె గట్టిగా నుండి, చివరి దినములలో పెదవివలె మెత్తనగును. ఇంగ్లీషు వైద్యులును దీనిని పక్వమగుట యనియే యందురు. పండితులు గాలిని గుఱించియు, శాస్త్రజ్ఞులు నొప్పిని గుఱించియు వాదించుచుండగా, ఈ మెత్తబడుటను మంత్రసాని వ్రేలు మాత్రమే యెఱిగియుండెను.

1981లో అదే లిగ్గిన్సు ఒక క్రొత్త మాట యనెను. గర్భాశయముఖము పక్వమగుట శోథవంటి క్రియ యని. శోథ యనగా దెబ్బ తగిలిన చోటనో, కుఱుపు లేచు చోటనో కలుగు వాపు. ఎఱ్ఱదనము, వాపు, వేడి, నొప్పి యను నాలుగు లక్షణములను రోమను గ్రంథకర్త సెల్ససు మొదటి శతాబ్దముననే చెప్పెను. సుశ్రుతుడు వ్రణశోథకు ఆమము, పచ్యమానము, పక్వము అని మూడవస్థలు పెట్టెను. ఈ సంగతి చదివినపుడు నేను ఆ పాతపుస్తకము తీసి, ఒకచోట కుఱుపును, ఒకచోట పండును, రెంటికిని ఆ పక్వశబ్దమే వాడియుండుట చూచి కొంతసేపు ఊరకుంటిని. ఆచార్యునకు నేటి శాస్త్రము ముందే తెలియునని నేననను. అట్లనువారితో నాకు సమ్మతి లేదు. రెండు చోట్ల ఒకే మాట తగునని ఆయన కంటికి తోచినది. అంతవఱకే మనము చెప్పదగును.

కుఱుపులో జరుగునది యేమి? 1882లో మెస్సీనాలో మెచ్నికాఫ్ అను రష్యను శాస్త్రజ్ఞుడు నక్షత్రచేపపిల్ల శరీరమున ముల్లు గ్రుచ్చి, కదలెడు కణములు దాని చుట్టు గుమిగూడుట కనుగొనెను. మన రక్తమునందలి తెల్లకణములును అట్టి కావలివారే. అవి చేరినచోట సైటోకైన్లను సందేశద్రవ్యములను వదలును. వాని పిలుపుపై మఱిన్ని కణములు వచ్చును. కణజాలమును కట్టియుంచు కొల్లాజెన్ అను నారను కరిగించు ద్రవ్యములు వెలువడును, నీరు చేరును, గట్టిది మెత్తనగును. గ్లాస్గో నగరపు పరిశోధకులు 1999లోను 2003లోను ప్రకటించిన పరిశీలనములలో, నెలలు నిండి నొప్పులు వచ్చిన స్త్రీల గర్భాశయపు గోడయందును ముఖమునందును ఈ తెల్లకణములు గుంపులుగా చేరియున్నవి. క్రిమి లేదు, చీము లేదు, శోథ మాత్రమున్నది.

ఈ సందేశద్రవ్యములు ప్రోస్టాగ్లాండిన్లను ఎక్కువగా పుట్టించును. వాని కథయే వేఱొక ప్రసంగమునకు చాలును. 1935లో స్వీడనుదేశపు ఫాన్ ఆయిలర్ వానికి పేరు పెట్టెను. 1968లో ఉగాండాలోని కంపాలా నగరమున సుల్తాన్ కరీమ్ మొదలగువారు వానిని ఎక్కించి ప్రసవము తెప్పించిరి. గొప్ప గొప్ప పట్టణములను వదలి ఆఫ్రికా ఆసుపత్రిలో ఈ పని జరుగుట నాకు సంతోషము. 1971లో జాన్ వేన్ ఆస్పిరిన్ మాత్ర వీని పుట్టుకనే అడ్డునని చూపెను. అంతట మఱి రెండేండ్లకు, కీళ్ళజబ్బునకు ఆస్పిరిన్ ఎక్కువగా మ్రింగుచుండిన గర్భిణులలో నెలలును పొడిగినవి, నొప్పుల కాలమును పొడిగినది అని వెల్లడియయ్యెను. వాపును తగ్గించు మాత్ర ప్రసవమునే వెనుకకు నెట్టినది! ఇంతకంటె సాక్ష్యమేమి కావలెను?

అయినను ఒక సందేహమున్నది. తెల్లకణములు వచ్చుటచేత తలుపు తెఱచుకొనుచున్నదా, తెఱచుకొనుచున్న తలుపు చప్పుడునకు అవి వచ్చుచున్నవా? నిప్పు ఏది, పొగ ఏది? 1953లో పీటర్ మెడవార్ అడిగిన ప్రశ్న దీనికి తోడగును. ఇతరుల చర్మమును మన ఒడలు సహింపదే, తండ్రి అంశ సగము గల బిడ్డను తల్లి శరీరము తొమ్మిది నెలలు ఎట్లు సహించుచున్నది? కావలివారు నిద్రించుట లేదు. మావి చుట్టును వారు మెలకువతోనే నిలిచి, అతిథిని ఆదరించుచున్నారు. ఆదరము ఎప్పుడు సాగనంపుటగా మాఱును? 2004లో అమెరికాలోని డాలసు పరిశోధకులు చుంచులలో ఒక జవాబు చూపిరి. పక్వమగుచున్న ఊపిరితిత్తులనుండి పిల్ల ఒక ద్రవ్యమును ఉమ్మనీటిలోనికి వదలును. అది కావలికణములను మేలుకొలిపి గర్భాశయపు గోడకు నడిపించును. “నేనిక ఊపిరి తీయగలను” అని పిల్ల చెప్పుకొన్నట్లు! స్త్రీలలో ఇదే క్రమమని చెప్పుటకు మాత్రము ఆధారములు చాలవు. స్త్రీలలో మావియే ఒక గడియారము నడుపుచున్నదని 1995లో ఆస్ట్రేలియావారు చెప్పిన సిద్ధాంతమును కలదు. దేనికి మొదటి పీఠమో పండితులింకను తేల్చుకొనలేదు.

ఇంక పురుగు మాట. కాలము నిండినపుడు ఏ నిప్పుతో శరీరము దారి పండించుకొనుచున్నదో, ఆ నిప్పునే సూక్ష్మక్రిమి ముందుగా రగిల్చగలదు. ఉమ్మనీటి సంచి పొరలలోనికో, మూత్రకోశమునుండి మూత్రపిండములకో క్రిమి ప్రాకినపుడు, తెల్లకణములు దానిపైకి యుద్ధమునకు వచ్చును. వారి సందేశద్రవ్యములు అవియే, ప్రోస్టాగ్లాండిన్లు అవియే. గర్భాశయమునకు ఆజ్ఞ మాత్రమే వినబడును, ఆజ్ఞ యేల వచ్చెనో తెలియదు. నెలలు నిండని ప్రసవములలో నూటికి 25 మొదలు 40 వఱకు క్రిమిదోషమువలన గావచ్చునని అంచనా. 2020లో ప్రపంచమున 1 కోటి 34 లక్షల బిడ్డలు నెలలు నిండక పుట్టిరనియు, అందు 30 లక్షలకు పైగా మన దేశమున పుట్టినవారనియు ప్రపంచ ఆరోగ్య సంస్థ మొదలగు సంస్థల లెక్క.

పురుగును చంపిన సరిపోదా యని మీరనవచ్చును. నేనును వైద్యురాలితో అదే యంటిని. 2001లో ప్రకటితమైన ఒరాకిల్ అను పెద్ద పరీక్షలో, ఉమ్మనీటి సంచి చెదరక నొప్పులు మాత్రమే ముందుగా వచ్చిన తల్లులకు క్రిమిసంహారక ఔషధము లిచ్చి చూచిరట. లాభము లేకపోయెను. పైగా ఏడేండ్లకు ఆ బిడ్డలను పరీక్షింపగా, మందు పుచ్చుకొన్న తల్లుల బిడ్డలలో అవయవములు స్వాధీనము కాని జబ్బు కొంత హెచ్చుగా కనబడెను. సంచి ముందుగా పగిలిన తల్లుల విషయమున మాత్రము ఒక యౌషధము మేలు చేసినది. “నిప్పంటుకొన్నాక అగ్గిపుల్లను ఆర్పి ఏం లాభం, మాస్టారూ? మూత్రంలో మంట అన్న రోజే మీరు వచ్చి ఉంటే పరీక్ష చేసి మందు ఇచ్చేదాన్ని. మీ శాస్త్రంలో పురుగు మాట ఉందన్నారు. ఎనిమిదో నెల మాట గుర్తుంచుకొని పురుగు మాట మరచిపోయారేం?” అని ఆమె నన్నడిగెను. బడిలో నేనామెను అడిగిన ప్రశ్నలకు ఆమె జవాబు చెప్పెడిది. ఆమె ప్రశ్నకు నేను చెప్పలేకపోతిని.

మా అమ్మాయి నొప్పులు రెండు దినములు పూర్తిగా ఆగలేదు, ముప్పది యాఱు గంటలు మాత్రము ఆగినవి. రెండవ సూది పడిన పిమ్మట మగపిల్లవాడు పుట్టెను. బరువు 1 కిలో 900 గ్రాములు. ఏడ్చినాడు. ఆ యేడుపు విన్నపుడు ఆక్లండు గొఱ్ఱెపిల్ల కథ నాకింకను తెలియదు. పదునేడు దినములు ఆసుపత్రిలో నుంచి, తల్లి రొమ్మున కఱచిపట్టి కట్టుకొని పెంచిరి. అమ్మాయికిని వారముదినములు మందు పట్టెను. మా యింట బాలసారెకు వచ్చినవారిలో ఒక పెద్దమ్మ, “ఏడో నెల పిల్లాడు గదూ, అందుకే దక్కాడు” అనెను. నేను చెప్పబోయి ఊరకుంటిని గాని, నా భార్య ఊరకుండలేదు. “ఎనిమిదో నెలే, పిన్నీ” అని నలుగురిలో గట్టిగా చెప్పినది.

వానికి నేడు ఏడేండ్లు. మొన్న దింపునాడు తోటలో రాలియున్న కొబ్బరిపిందెను ఏఱి తెచ్చి, ఇది యేల రాలినది తాతయ్యా యని యడిగెను. ముచ్చిక ఊడదీసి, క్రింద నల్లి పట్టిన గోధుమరంగు మచ్చను వానికి చూపితిని.